చక్రములపై గృహము

పడకయు, వంటగదియు గల మోటారుబండ్లలో సకుటుంబముగ దేశాటనము సేయువారు అమెరికా సంయుక్తరాష్ట్రములలో ననేకులు. వారిలో కొందఱు ఆత్మరక్షణకై తుపాకిని వెంట గొనిపోవుదురు. మా యింట మా తుపాకి యుండుటకు ఒరుల యనుమతి యేల యని వారి తలంపు. ఈ తలంపే వారిని చెఱసాలకు గొనిపోగలదు.

రహదారికి సిద్ధముగ నున్న యట్టి యిల్లు సోదాల విషయమున బండియే యని 1985లో ఆ దేశపు సుప్రీముకోర్టు తీర్పుచెప్పెను. తగిన కారణ మున్నచో పోలీసులకు వారంటుతో పనిలేదు. తుపాకుల చట్టమా, రాష్ట్రమున కొక తీరు. టెక్సాసులో నిరపరాధమైనది న్యూజెర్సీలో నేరము కావచ్చును. 1986 నాటి ఫెడరలు శాసనము బాటసారికి కొంత రక్ష నొసగినది. బయలుదేరుచోటను, చేరుచోటను హక్కు గలవాడు గుండ్లు తీసి, ఇట్టి బండిలో తాళము వేసిన పెట్టెలో నుంచి, నడుమ రాష్ట్రములను దాటవచ్చును.

మఱి దారిలో రాత్రి బసచేసినచో? శాసనము మౌనము వహించినది. విమానము తప్పి న్యూవార్కున హోటలులో బసచేసిన యొకనికి, పెట్టె చేతి కందుబాటులో నుండెను గనుక, ఈ రక్ష చెల్లదని 2010లో నొక అప్పీలుకోర్టు నిర్ణయించెను. బండియే యిల్లయినవానికి పెట్టె పడక ప్రక్కనే గదా!

తుపాకుల నదుపుచేయు రాష్ట్రముల యధికారమును మేము కాదనము. కాని యలసినవాడు నిదురించుట నేరమగునో కాదో చెప్పజాలని శాసనము అసంపూర్ణము. దానిని స్పష్టపఱచుట ఆ దేశపు కాంగ్రెసు విధి. అంతవఱకు, త్రోవలోని ప్రతి రాష్ట్రపు చట్టమును ముందుగ దెలిసికొనుట ప్రయాణికుని విధి.