పది కొబ్బరిచెట్ల దూరం

మా ఇంటి హాల్లో ఉన్న రౌటరుకీ, తోటలో నేను పని చేసుకునే గదికీ మధ్య దూరం టేపు పెట్టి కొలిస్తే 78 మీటర్లు. మా నాన్న లెక్కలో అయితే 10 చెట్లు. కొబ్బరికి చెట్టుకీ చెట్టుకీ మధ్య 8 మీటర్ల దాకా వదులుతారు కాబట్టి రెండు లెక్కలూ దాదాపు ఒకటే. ఈ పది చెట్ల దూరం నెట్‌ని దాటించడానికి నాకు 14 నెలలు పట్టింది. మధ్యలో ఉద్యోగం ఊడినంత పనైంది. అంచేత చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తున్నాను. ఇంటి నుంచి తోటలోకి నెట్ తీసుకెళ్లాలంటే గాలిని నమ్ముకోకండి. నేల తవ్వి, పైపు వేసి, అందులోంచి ఫైబర్ లాగండి. రాగి తీగ కాదు, ఫైబరే.

మాది అంబాజీపేటకి దగ్గర్లో ఒక ఊరు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు అందరిలాగే నేనూ లాప్‌టాప్ పట్టుకుని హైదరాబాదు నుంచి ఇంటికొచ్చి పడ్డాను. ఆ ఏడాది నవంబరులో కేంద్రం ఓఎస్‌పీ నిబంధనలు సడలించడంతో ఇంటి నుంచి పని చేయించుకోవడం కంపెనీలకి సులువైంది. మా ఆఫీసులో తర్వాత చాలామందిని వెనక్కి పిలిచారు గానీ నన్ను ఉండనిచ్చారు. అమ్మానాన్నలిద్దరికీ 70 దాటాయి. రాత్రిపూట ఎవరికన్నా బాగోకపోతే అమలాపురం తీసుకెళ్లడానికి నేను తప్ప ఇంకెవరూ లేరు. మేనేజరు పెట్టిన షరతు ఒక్కటే, మీటింగు మధ్యలో నెట్ పోకూడదు.

ఇంట్లో కూర్చుని పని చేద్దామంటే కుదిరితేనా! ఓ పక్క కుక్కరు కూత, ఇంకో పక్క టీవీ సీరియలు. ఇవి చాలవన్నట్టు గుమ్మంలోంచి "అబ్బాయి ఉన్నాడాండీ?" అంటూ వచ్చే చుట్టాలు. గేదెల్ని అమ్మేశాక తోటలో సావిడి ఖాళీగా ఉంది. 2021 ఫిబ్రవరిలో దానికి గచ్చు చేయించి, ఫ్యాను బిగించి, బల్ల వేసుకుని ఆఫీసు అన్నాను. అప్పుడు మొదలైంది అసలు కథ.

మొదట అందరూ చేసే పనే నేనూ చేశాను. రిపీటరు కొని ఇంటి వెనక వసారాలో పెట్టాను. ఫోన్లో సిగ్నలు గీతలు నిండుగా కనపడ్డాయి, ఇంకేం కావాలి అనుకున్నాను. ఆ గీతలు చూపించేది నా ఫోనుకీ రిపీటరుకీ మధ్య ఎంత బాగుందో మాత్రమే. రిపీటరు నుంచి రౌటరు దాకా సంగతి అవి చెప్పవు. పైగా ఒక్క రేడియో ఉన్న రిపీటరు అదే ఛానెల్లో వినాలి, అదే ఛానెల్లో మళ్లీ చెప్పాలి. అంచేత వేగం అక్కడే సగానికి సగం పోతుంది. ఆ పైన తోట. వైఫై తరంగాల్ని నీరు మింగేస్తుంది. వాన పడి ఆకులు తడిశాయంటే ఇక చెప్పక్కర్లేదు. వేగం ఎక్కువని మనం మురిసిపోయే 5 గిగాహెర్ట్జ్ అయితే, 2.4 కన్నా గోడల దగ్గరా చెట్ల దగ్గరా ముందే చేతులెత్తేస్తుంది. వేసవంతా బాగానే నడిచింది. జూన్‌లో మొదటి వానకి నా గొంతు రోబో గొంతైపోయింది.

రెండో ప్రయత్నం, 90 మీటర్ల ఈథర్నెట్ కేబులు కొని చెట్టుకీ చెట్టుకీ కట్టుకుంటూ పోవడం. రాగి కేబులు మీద ఈథర్నెట్‌కి హద్దు 100 మీటర్లు కాబట్టి లెక్క సరిపోయింది. లెక్కలోకి రానివి కొబ్బరి మట్టలు. ఎండిన మట్ట రాలిపడితే దాని దెబ్బకి ఏ కేబులూ ఆగదు. రెండుసార్లు తెగింది, రెండుసార్లూ అతికాను. మూడోసారి తెగలేదు, అంతకన్నా ఘోరం జరిగింది. సాయంత్రం ఉరుములు మొదలవగానే అమ్మ "స్విచ్చులన్నీ ఆపి తీగలు పీకెయ్యరా" అని అరిచింది. క్లయింటుకి డెమో ఇస్తున్నాను, ఎలా పీకుతాను? దగ్గర్లో ఎక్కడో పిడుగు పడింది. రౌటరు పోర్టులు, నా డాకింగ్ స్టేషను, రెండూ ఒక్క దెబ్బకి పోయాయి. డెమో అక్కడే ఆగిపోయింది. పిడుగు కేబులు మీదే పడక్కర్లేదండీ. చుట్టుపక్కల పడినా పొడుగాటి రాగి తీగలోకి వోల్టేజి ఎక్కేస్తుంది. రెండు కట్టడాలకి వేరు వేరు ఎర్తింగులు ఉంటే ఆ తేడా అంతా పోయేది మన పోర్టుల గుండానే. మర్నాడు మేనేజరు ఫోను చేసి మర్యాదగానే చెప్పాడు, "ఇంకోసారి ఇలా జరిగితే హైదరాబాదు వచ్చెయ్యి."

ఆ వారమంతా నేను నెట్ కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోను చేసి తిట్టడంలోనే గడిపాను. నాన్న వింటూ వింటూ ఓ రోజు అడిగారు. "ఒరే, హెడ్డు దగ్గర నీళ్లు లేవా, నీ బోదె బాలేదా? ముందది చూసుకో."

లాప్‌టాప్ తీసుకెళ్లి హాల్లో రౌటరుకే నేరుగా తగిలించాను. వేగం మొత్తం వస్తోంది. తప్పు నా బోదెదే.

డెల్టాలో పుట్టినవాడికి ఇది ఒకరు చెప్పాలా! కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు. ఆనకట్ట ఉన్నంత మాత్రాన మన చేను తడవదు. పెద్ద కాలువలోంచి పిల్ల కాలువ, అందులోంచి పంట బోదె రావాలి. బోదె పూడిపోతే కాలువ పక్కనే ఉన్న చేనైనా ఎండుతుంది. నెట్ కూడా అంతే. సముద్రాల అడుగున వచ్చిన కేబుళ్లు, హైదరాబాదు నుంచి వచ్చిన ఫైబరు, మన వీధి స్తంభం దాకా వచ్చిన తీగ, ఇన్ని వేల కిలోమీటర్లూ ఎవరో వేసి పెట్టారు. చివరి 78 మీటర్లు మాత్రం మన పూచీ. దాని మీద మనం రిపీటరు ఒకటి పడేసి, మిగతా అందర్నీ తిడుతున్నాం.

"ఇంత తవ్వకం ఎందుకు, రెండు చివర్లా చిన్న డిష్షులు పెట్టి పాయింట్ టు పాయింట్ లింకు వేసుకోవచ్చుగా" అని మీలో కొందరు అనబోతున్నారని తెలుసు. నిజమే, మంచి పద్ధతే. 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్‌లో చాలా భాగాన్ని లైసెన్సు అక్కర్లేకుండా చేశాక ఇంకా తేలికైంది. మీ గది వరిచేను అవతల ఉంటే తప్పకుండా అదే పెట్టుకోండి. కానీ దానికి ఇటు నుంచి అటు సూటిగా కనపడాలి. కంటికి కనపడితే చాలదు, ఆ గీత చుట్టూ మీటరు మేర కూడా ఖాళీగా ఉండాలి. కొబ్బరితోటలో ఇవాళ ఖాళీగా ఉన్న సందులోకి రేపు గాలికి ఓ మట్ట ఊగుతూ వస్తుంది. నెట్ కోసం చెట్టు కొట్టేద్దామంటే నాన్న నన్ను ఇంట్లోంచి వెళ్లగొడతారు.

అంచేత 2022 ఏప్రిల్లో తవ్వించాను. వేసవిలో కాలువలు కట్టేశాక తవ్వడమే మేలు, గోతిలో నీరు ఊరదు. "ఎంత లోతు తియ్యమంటారండీ?" అని కూలీలు అడిగితే రెండడుగులు అన్నాను, పార దెబ్బ తగలకుండా. చెట్టు పాదు జోలికి పోకుండా వరసల మధ్యగా తీయించారు నాన్న. గట్టి పైపు వేసి, అందులో లోపల ఎక్కడా లోహం లేని రకం ఫైబర్ కేబులు, దాంతో పాటు రేపటి అవసరానికి ఓ నైలాన్ తాడూ లాగాం. పందికొక్కులు దూరకుండా పైపు రెండు మూతులూ మూసేశాం. అటొకటి ఇటొకటి మీడియా కన్వర్టర్లు. సావిడిలో ఉన్న రెండో రౌటర్ని యాక్సెస్ పాయింట్‌గా మార్చాను. ఇది మర్చిపోతే రెండు రౌటర్లూ చెరో పక్క అడ్రసులు పంచుతూ కూర్చుంటాయి, ఇంట్లో ప్రింటరు తోటలోకి కనపడదు. రెండు చివర్లా యూపీఎస్ పెట్టాను. కూలీతో కలిపి మొత్తం 11 వేలు దాటలేదు. రిపీటర్లకీ, పిడుగు దెబ్బకీ అంతకన్నా ఎక్కువే తగలేశాను.

గాజు తీగలోంచి వెలుగు వెళ్తుంది గానీ కరెంటు వెళ్లదు. కాబట్టి ఆ దారిన పిడుగు రాదు. "సావిడికి వెళ్లే కరెంటు తీగ మాటేమిటి?" అంటే, ఆ దారి ఉంది. అందుకని సర్జ్ ప్రొటెక్టరు పెట్టి ఎర్తింగు సరి చేయించాను. అయినా పెద్దగా ఉరిమితే అమ్మ చెప్పినట్టు ప్లగ్గులు పీకేస్తున్నాను. ఇప్పుడు మీటింగులో "అయిదు నిమిషాలు ఆగండి, ఉరుముతోంది" అని చెప్పడానికి సిగ్గు పడటం లేదు.

ఇలా అంటున్నానని గొయ్యి తవ్వితే అన్నీ తీరిపోతాయని కాదు. అదే ఏడాది మే 24న అమలాపురంలో గొడవలయ్యాక కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ కొన్ని రోజులపాటు ఆపేశారు. ఇంటి నుంచి పని చేసే కుర్రాళ్లు సిగ్నల్ వెతుక్కుంటూ లాప్‌టాపులతో యానాం వైపు వెళ్లారు. హెడ్డు దగ్గర మూసేస్తే బోదె ఎంత బాగున్నా లాభం లేదు. అందుకే రెండో దారి కూడా ఒకటి ఉంచుకోవాలి. కానీ పైవాళ్ల చేతిలో ఉన్నదాని గురించి గోల పెట్టే ముందు, మన చేతిలో ఉన్నది మనం సరి చేసుకోవాలా వద్దా?

ఊరికి తిరిగొచ్చి ఉండాలనుకునే మనవాళ్లు నన్ను జీతం గురించి అడుగుతారు, పిల్లల బడి గురించి అడుగుతారు. ఆ చివరి వంద మీటర్ల గురించి ఒక్కరూ అడగరు. నా మట్టుకు నేను ఇవాళ అమ్మానాన్నల దగ్గర ఉన్నానంటే, ఆ రెండడుగుల గోతి వల్లే. పైన గడ్డి మొలిచిపోయింది, ఎక్కడ తవ్వామో నాక్కూడా ఆనవాలు దొరకదు. నాన్నకి మాత్రం ఏ చెట్టు పక్క నుంచి వెళ్లిందో ఇప్పటికీ గుర్తే.