వంటింటి గడియారం

ఆగస్టు 1న అమెరికా కాలేజీల ఉమ్మడి దరఖాస్తు 'కామన్ యాప్' తెరుచుకోగానే, పన్నెండో తరగతి పిల్లలున్న మస్కట్ తెలుగు ఇళ్లలో హడావుడి మొదలవుతుంది. మార్కులు, సర్టిఫికెట్లు సిద్ధంగానే ఉంటాయి. 650 పదాల వ్యాసం దగ్గరే బండి ఆగిపోతుంది.

పోయిన వారం దార్సైత్‌లో ఉండే ఒకమ్మాయి తన వ్యాసం తెచ్చి చూపించింది. చిన్నప్పటి నుంచి కంప్యూటర్లంటే ప్రాణమనీ, సమాజానికి సేవ చేయాలనుందనీ, ఓటమే గెలుపుకు తొలి మెట్టనీ రాసింది. భాషలో ఒక్క తప్పు లేదు. పైన పేరు మార్చి పక్కింటబ్బాయి పంపుకున్నా సరిపోతుంది. ఆ పిల్లను ఏమనగలం? ప్రశ్న కనబడగానే గైడులో జవాబు వెతుక్కోవడం మనమే నేర్పాం.

కాగితం పక్కన పెట్టి, "మీ ఇంట్లో ఉండి వేరే ఇళ్లలో కనబడనిది ఏముందమ్మా?" అని అడిగాను. కాసేపాగి, "రెండు గడియారాలు, ఆంటీ" అంది.

హాల్లోది మస్కట్ టైము, వంటింట్లోది ఇండియా టైము. రాజమండ్రిలో అమ్మమ్మ రాత్రి ఎనిమిదింటికి బీపీ మాత్ర వేసుకోవాలి. వంటింటి గడియారంలో ఎనిమిదయ్యేసరికి, అంటే ఇక్కడ ఆరున్నరకు, వాళ్లమ్మ పొయ్యి సన్నగా తగ్గించి ఫోన్ చేస్తుంది. ఎక్కాలు రాకముందే ఈ పిల్లకు గంటన్నర కలపడం వచ్చేసింది.

"మరి ఇది రాయలేదేం?"

"ఇది కూడా రాయొచ్చా ఆంటీ?"

రాసింది. నిజ్వాలో చూసిన ఫలజ్ దారిస్‌నూ తనే అందులోకి తెచ్చింది. ఒమన్ ఫలజ్ కాలువల్లో నీళ్లను సమయం లెక్కన పంచుకుంటారు. పూర్వం పగలు నీడనూ రాత్రి చుక్కలనూ చూసి వంతులు కట్టేవారు. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఐదు ఫలజ్‌లలో దారిస్ ఒకటి. అమ్మ కూడా తన సాయంత్రంలోంచి అమ్మమ్మకు ఒక వంతు వదులుతోందని ఆ పిల్ల రాసిన వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

గైడు పనికిరాని ప్రశ్నలూ ఉంటాయి. షికాగో విశ్వవిద్యాలయం ఒక ఏడాది ఇచ్చిన వ్యాస ప్రశ్నల్లో ఒకటి 'ఎక్స్ కనుక్కోండి' అన్నంత చిన్నది. అలాంటిదానికి కీ ఉండదు. పిల్లల ఆలోచన ఎటు నడుస్తుందో చూడటానికే అడుగుతారు. కొత్తదనం కోసమని వ్యాసాన్ని వంట రెసిపీలాగానో కోర్టు తీర్పులాగానో రాసే పిల్లలూ ఉన్నారు. రాయనివ్వండి. చదివాక ఆ పిల్లవాడు మన కళ్ల ముందు నిలబడితే ఆ ప్రయోగం ఫలించినట్టే. వేషం మాత్రమే గుర్తుంటే శ్రమ వృథా.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. వ్యాసాన్ని ఏజెంటు చేతిలో పెట్టకండి, యంత్రంతో రాయించకండి. ఈ శుక్రవారం టీవీ కట్టేసి పిల్లల పక్కన కూర్చుని, మన ఇంట్లో నీకు ఎప్పటికీ గుర్తుండిపోయేది ఏమిటని అడగండి. వాళ్లు చెప్పేది మధ్యలో సరిదిద్దకుండా వినండి.