అమ్మ ప్లేటు: డైట్ చార్ట్ మాట వినాలా, ఆకలి మాట వినాలా?

ఉప్పల్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గం దాకా ఉద్యోగానికి వెళ్లే అమ్మల్ని, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో షిఫ్టుకి పరుగెత్తే అమ్మల్ని "టిఫిన్ చేశారా?" అని అడిగి చూడండి. "ఆ, ఏదో తిన్నాలే" అంటారు. ఆ 'ఏదో' చాలాసార్లు పిల్లాడు వదిలేసిన సగం ఇడ్లీ, నిలబడి తాగేసిన టీ.

ఒంట్లో నీరసం. బరువు మాత్రం పెరుగుతోంది. ఏం చేయాలో తెలుసుకుందామని ఫోన్ తెరిస్తే రెండు రకాల సలహాలు కనిపిస్తాయి. ఒకటి: పక్కా డైట్ చార్ట్ పెట్టుకో, గ్రాములు లెక్కపెట్టు. రెండోది: చార్టులన్నీ పక్కన పడెయ్, నీ ఒంటి మాట విను, ఆకలేస్తే తిను. పని ఒత్తిడిలో ఉన్న అమ్మకి ఏది పనికొస్తుంది?

ముందు చార్ట్ సంగతి. మన తెలుగువాళ్లకి ఇది కొత్త కాదు. మంతెన సత్యనారాయణ రాజు గారు ఉప్పు, నూనె లేని వంట చెప్పారు. ఖాదర్ వలీ గారు సిరిధాన్యాలన్నారు. వీరమాచనేని రామకృష్ణ గారి డైట్‌లో రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, 3 నిమ్మకాయలు, 4 లీటర్ల నీళ్లు, 2 మల్టీవిటమిన్ మాత్రలు. వీటిలో ఏది గొప్ప అనే చర్చ ఇప్పుడు వద్దు. అమ్మ దగ్గరికి వచ్చేసరికి అన్నింటికీ ఒకటే చిక్కు. ఇంట్లో అందరికీ ఒక వంట, తనకోసం ఇంకో వంట.

ఆ రెండో వంటకి టైమెక్కడిది? కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతుంటే, ఆ పనులు చేసే మగవాళ్లు పెట్టేది 88 నిమిషాలు. చార్ట్ అంటే ఆ 289 మీద ఇంకో అరగంట. అందుకే పదిహేను రోజులు బాగానే సాగుతుంది. తర్వాత పిల్లకి జ్వరమో, ఇంట్లో వ్రతమో, ఆఫీసులో రిలీజో వస్తుంది. చార్ట్ అటకెక్కుతుంది. "నాకు కంట్రోల్ లేదు" అని ఆవిడ తనని తానే తిట్టుకుంటుంది. అసలు ఆ చార్ట్‌ని ఆవిడ జీవితం చూసి రాయలేదని ఎవరూ అనరు.

మరి రెండో దారి? 1995లో ఎవెలిన్ ట్రిబోలి, ఎలీస్ రెష్ అనే ఇద్దరు అమెరికన్ డైటీషియన్లు రాసిన పుస్తకంతో 'ఇంట్యూటివ్ ఈటింగ్' అనే మాట బాగా ప్రచారంలోకి వచ్చింది. ఆకలిని గౌరవించు, కడుపు నిండితే ఆపు, ఏ తిండినీ పాపంలా చూడకు. డైట్లు చేసీ చేసీ విసిగిపోయినవాళ్లకి ఈ మాట పెద్ద ఊరట.

కానీ ఒంటి మాట వినాలంటే ఒళ్లు సరిగ్గా మాట్లాడే స్థితిలో ఉండాలి కదా. షికాగో యూనివర్సిటీలో చేసి 2004లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, 12 మంది ఆరోగ్యవంతులైన కుర్రాళ్లని రెండు రాత్రులు 4 గంటలే పడుకోనిచ్చారు. కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ హార్మోన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. చిన్న ప్రయోగమే, అందులో అమ్మలూ లేరు. కానీ చంటిపిల్ల ఉన్న ఇంట్లో రాత్రి నిద్ర ఎలా ఉంటుందో తెలిసిందే. సాయంత్రం నాలుగింటికి మిర్చి బజ్జీ బండి దగ్గర కాళ్లు ఆగిపోతే, అది కడుపు ఆకలో, నిద్రలేమి తెచ్చిన ఆకలో ఎవరు చెప్పగలరు?

ఇంకోవైపు, పొద్దున టిఫిన్ మానేసి టీ మీద టీ తాగితే "ఆకలి చచ్చిపోయింది" అంటాం. చచ్చిపోయిన ఆకలి మాట ఎలా వింటాం?

నాచారం నుంచి హబ్సిగూడ మీదుగా తార్నాక వస్తే జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్‌ఐఎన్, కనిపిస్తుంది. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాద్‌కి వచ్చింది. ఐసీఎంఆర్‌తో కలిసి 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో, 2000 కేలరీలకి రోజు మొత్తం ప్లేటు ఇలా ఉంటుంది: బియ్యం, గోధుమ లాంటి ధాన్యాలు 250 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400, పండ్లు 100, పప్పులు-గుడ్లు-మాంసం 85, పల్లీలూ గింజలూ 35, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు.

మన ప్లేటుతో పోల్చి చూడండి. మనకి అన్నం కొండ, కూర దాని పక్కన వాగు. ఇక్కడ కూరగాయలే ధాన్యం కన్నా ఎక్కువ. గమనించాల్సిందేంటంటే, ఇందులో కొత్త వంటకం ఏదీ లేదు. వంట ఒకటే, వడ్డించే పాళ్లు మారాయి. ఇంట్లో అందరికీ అదే ప్లేటు పనికొస్తుంది.

ఇదంతా నడుం సన్నబడటం కోసం మాత్రమే కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 30.1 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు, 57.6 శాతం మందికి రక్తహీనత. అంటే బరువు ఎక్కువ, రక్తం తక్కువ అనే రెండు సమస్యలూ ఒకే మనిషిలో ఉండొచ్చు. అలాంటి మనిషికి "తక్కువ తిను" అని మాత్రమే చెప్పే చార్ట్ ఇస్తే నీరసం ఇంకా పెరుగుతుంది.

అందుకే నా ఓటు ఇలా. టైమూ, ప్లేటూ ఫిక్స్ చేయండి. ఎంత తినాలన్నది ఆకలికి వదిలేయండి.

టైమ్: ఇల్లు దాటకముందే, కూర్చుని టిఫిన్. బ్యాగులో గుప్పెడు పల్లీలో, ఉడకబెట్టిన శనగలో, ఒక అరటిపండో. నాలుగింటి ఆకలికి అదే జవాబు.

ప్లేటు: ముందు కూర, పప్పు, తర్వాత అన్నం. వారంలో మూడు నాలుగు రోజులు పాలకూర పప్పో, తోటకూరో, పైన నిమ్మకాయ పిండుకుని. అందులోని ఇనుము ఒంటికి పట్టడానికి పులుపు సాయం చేస్తుంది, టీ అడ్డుపడుతుంది. భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీ వద్దని ఎన్‌ఐఎన్ కూడా చెబుతోంది.

ఎంత: ఇక్కడ త్రాసు అక్కర్లేదు. వేళకి తింటే చచ్చిన ఆకలి మెల్లగా లేస్తుంది. చాలనిపించినప్పుడు ఆపడమే లెక్క. పిల్లలు వదిలేసింది పారేయడం పాపం అనిపిస్తే వాళ్లకి తక్కువ వడ్డించండి. అమ్మ కడుపు మిగిలినవి సర్దే డబ్బా కాదు.

చార్ట్ తప్పనిసరి అయ్యే సందర్భాలు ఉన్నాయి. షుగర్, గర్భంతో ఉన్నప్పుడు వచ్చే షుగర్, కిడ్నీ జబ్బు లాంటివి ఉంటే డాక్టరో, డైటీషియనో రాసిందే పాటించాలి. పాలిచ్చే తల్లికి మొదటి 6 నెలలు రోజుకి మామూలు కన్నా 600 కేలరీలు ఎక్కువే కావాలి. పథ్యం పేరుతోనో, బరువు పేరుతోనో ఆవిడ తిండి తగ్గించకండి. నీరసం వదలకపోతే బరువు చూసుకునే ముందు ఒకసారి హిమోగ్లోబిన్ చూపించుకోండి. గర్భవతి కాని ఆడవాళ్లకి 12 కన్నా తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క.

ఇది చదువుతున్నవాళ్లలో అమ్మలే కాదు, వాళ్ల పిల్లలు, భర్తలు కూడా ఉంటారు. మీకో మాట. వేళకి తినడం అనే నియమం ఆవిడ ఒక్కతే పాటించలేదు. అందరికీ వడ్డించి చివర్న తినే మనిషికి ప్లేటులో అన్నమూ చారే మిగులుతాయి, కూర అప్పటికే అయిపోతుంది. అమ్మకి డైట్ వీడియో ఫార్వర్డ్ చేసేముందు పొద్దున లంచ్ బాక్సులు సర్దే పని మీరు తీసుకోండి. ఆ పావుగంటలో ఆవిడ కూర్చుని టిఫిన్ తినగలుగుతుంది.