లేజరు వెలుగూ, చామనఛాయ చర్మమూ

పెళ్లి కుదిరిన ఇంట నలుగుపిండి సిద్ధం చేసే ఆచారం నేటికీ ఉన్నది. దాని సరసనే ఇప్పుడు లేజరు ఖర్చు కూడా చేరుతున్నది. సరిహద్దు పల్లెలకు దగ్గరి పట్టణం తరచు పొరుగు రాష్ట్రానిదే. రాయదుర్గం వారికి బళ్లారి, కుప్పం వారికి కృష్ణగిరి, ఇచ్ఛాపురం వారికి బరంపురం. అవాంఛిత రోమాలను ‘శాశ్వతంగా’ తొలగిస్తామన్న ప్రకటనను నమ్మి అక్కడికి వెళ్లే ఆడపిల్లలు ముందుగా తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

‘శాశ్వతంగా’ అన్న మాటే సరికాదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఈ యంత్రాలకు అనుమతించినది రోమాల శాశ్వత ‘తగ్గుదల’ అన్న మాటను మాత్రమే. అదీ ఒక్క దఫాతో కాదు. వారాల ఎడంతో ఆరేడు దఫాలైనా పడుతుంది. నెరసిన వెంట్రుకలపై ఈ వైద్యం పనిచేయదు.

కారణం సులభంగానే బోధపడుతుంది. వెంట్రుకలోని నల్లని వర్ణద్రవ్యం, అనగా మెలనిన్, లేజరు కాంతిని పీల్చి వేడెక్కుతుంది. ఆ వేడికి కుదురు దెబ్బతింటుంది. ఆండర్సన్, పారిష్ అనే శాస్త్రవేత్తలు 1983లో వివరించిన సూత్రమిది. చిక్కేమిటంటే, అదే మెలనిన్ చర్మంలోనూ ఉన్నది. తెల్లని చర్మంలో కాంతి నేరుగా వెంట్రుకను చేరుతుంది. చామనఛాయ చర్మంలో కొంత వేడిని చర్మమే భరించవలసి వస్తుంది. ఎండలో కలుపు తీసి, మిరపకాయలు కోసి కమిలిన చర్మమైతే ముప్పు మరింత. బొబ్బలు, కాలిన గాయాలు, నెలల తరబడి పోని నల్లమచ్చలు ఇందువల్లనే కలుగుతాయి. కొందరికి తెల్లమచ్చలూ రావచ్చు. వాటిని బొల్లి అని పొరబడి సంబంధాలు తప్పిపోయే సమాజం మనది. పెళ్లి కోసం చేయించుకున్న వైద్యం పెళ్లికే అడ్డు రావడమంటే ఇదే.

1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజరు కాంతిని మెలనిన్ తక్కువగా పీల్చుతుంది గనుక నల్లని చర్మానికి అది మేలు. 755 నానోమీటర్ల అలెగ్జాండ్రైట్ తెల్లని చర్మానికి తగినది. ఏ యంత్రమో అడగడం, ముందు చిన్న చోట పరీక్షించమనడం రోగి హక్కు. క్యాన్సరు వస్తుందన్న భయానికి మాత్రం ఆధారం లేదు. ఇది ఎక్స్‌రే వంటి కిరణం కాదు. కంటికి మాత్రం ప్రమాదమే. కళ్లకు రక్షణ కవచం లేనిదే యంత్రం నడపరాదు. కనుబొమల కింది భాగాన వాడనే కూడదు.

గడ్డం మీద, మెడ మీద కొందరికి వెంట్రుకలు తగ్గకపోగా పెరుగుతాయి. నెలసరి క్రమం తప్పి, గడ్డం మీద రోమాలు మొలుస్తున్న పిల్లను ముందు చూపవలసింది స్త్రీవైద్యులకు. అండాశయాలలో నీటితిత్తుల సమస్య, అనగా పీసీఓఎస్, ఉన్నదేమో తేలకుండా లేజరుకు డబ్బు పోయడం తొందరపాటే.

నొప్పి తెలియకుండా పూసే మత్తు లేపనాన్ని తేలికగా తీసుకోరాదు. అమెరికాలో 22, 25 ఏళ్ల యువతులిద్దరు లేజరుకు ముందు కాళ్లనిండా ఆ లేపనం పూసుకొని, పైన ప్లాస్టిక్ చుట్టుకోగా, మందు రక్తంలో కలిసి మూర్ఛలు వచ్చి మరణించారు. అక్కడి నియంత్రణ సంస్థ 2007లో ఈ విషయమై ప్రజలను హెచ్చరించింది.

యంత్రం ఎవరి చేతిలో ఉన్నదన్నది అన్నింటికన్నా ముఖ్యం. భారత చర్మవైద్యుల సంఘం ఐఏడీవీఎల్ 2008 నాటి మార్గదర్శకాలలో శిక్షణ పొందిన వైద్యుల అవసరాన్ని స్పష్టం చేసింది. బ్యూటీపార్లరు వైద్యశాల కాదు. వైద్యశాలల నమోదుకు కర్ణాటకలో 2007 నాటి చట్టం, తమిళనాడులో 1997 నాటిది, ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటిది ఉన్నాయి. నమోదుకు సంబంధించిన ఫిర్యాదు ఆ వైద్యశాల ఉన్న రాష్ట్రంలోనే ఇవ్వాలి. భాష రాని కచేరీకి తిరగలేక చాలామంది అక్కడే ఆగిపోతారు.

నష్టపరిహారం సంగతి వేరు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే దావా వేయవచ్చు. బళ్లారిలో గాయపడిన రాయదుర్గం అమ్మాయి అనంతపురంలోనే వేసుకోవచ్చునన్నమాట. గడువు రెండేళ్లు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపైతే రుసుము లేదు. అందుకు కావలసినవి రసీదు, ప్రతి దఫా యంత్రం పేరు రాసిన చీటీ, మొదటి రోజూ గాయమైన రోజూ తీసిన ఫోటోలు.