పరజాతి హృదయము



పంది గుండెను మనుష్యుని ఱొమ్మున నమర్చిరని వినినప్పుడు మనలో ననేకులు ముక్కుపై వ్రేలు వైచికొంటిమి. "గుండెతోపాటు బుద్ధియు మాఱునా?" యని యడుగువారును గలరు. బుద్ధి మాఱదు, గుండె నెత్తురును ద్రోయు కండతిత్తి మాత్రమే. మాఱునది యా గుండెయే.

పంది రక్తనాళముల లోపలిపొరపై నొకవిధమగు చక్కెరపదార్థము గలదు. మనకది లేదు, దానికి విరోధులగు ప్రతిరక్షకములు మాత్రము మన రక్తమున నెల్లప్పుడు నుండును. కావున సామాన్యమగు పందిగుండె నమర్చినచో, నవి వెంటనే యా పొరను బట్టుకొనును. పొర చెడును, నాళములలో రక్తము గడ్డకట్టును, కండలోనికి నెత్తురు కాఱును. కొలది గంటలలోనే, ఒక్కొక్కప్పుడు నిమిషములలోనే, గుండె నల్లబడి నిలిచిపోవును.

కోతిజాతులు మనకు దగ్గఱివి గదా యని 1984 అక్టోబరులో అమెరికాలోని లోమలిండాలో లెనర్డు బెయిలీ యను శస్త్రవైద్యుడు, గుండె యెడమభాగము పెరుగక పుట్టిన పసికందునకు బబూను గుండె నమర్చెను. రక్తవర్గములు కలియలేదు. 'బేబీ ఫే' యని లోకము పిలిచిన యా బిడ్డ సుమారు 20 దినములు జీవించెను. ఆ తల్లి యే యాశతో సమ్మతించెనో బిడ్డలను గన్నవారికి వేఱుగ జెప్పనేల?

2022 జనవరి 7వ తేదీన మేరీలాండు విశ్వవిద్యాలయ వైద్యులు డేవిడ్ బెన్నెట్టను 57 ఏండ్ల రోగికమర్చిన పందిగుండె యట్టిది గాదు. ఆ పందియందు 10 జన్యువుల మార్పులు చేసిరి. విరోధము గలిగించు చక్కెరలను దొలగించి, 6 మానవ జన్యువులను జేర్చిరి. గుండె నల్లబడలేదు. 47వ దినము వఱకు జక్కగ బనిచేసెను. పిమ్మట బిగుసుకొనసాగెను. 50వ దినమున దీసిన కండతునకలో వెండ్రుకకన్న సన్నని నాళములు చెడి, పోగుల నడుమ నీరుచేరి, యెఱ్ఱకణములు వెలికి వచ్చియుండెను. 56వ దినపు తునకలో మచ్చకట్టిన నారపదార్థము గనబడెను. అట్టి గుండె నెత్తురు నింపుకొనుటకు సడలజాలదు. మార్చి 8న రోగి మరణించెను. గుండె బరువు దాదాపు రెట్టింపయ్యెను. పందితో వచ్చిన యొక వైరసును, చికిత్సకై యెక్కించిన యితరుల ప్రతిరక్షకములును గూడ దీనికి దోడ్పడియుండవచ్చునని వైద్యులు తలంచిరి.

ఇది చదివి, యింటిలో పెద్దలెవరికైన బంది కవాటము వేసియున్నచో భయపడకుడు. ఆ కవాటమును ముందే మందునీటిలో నానవైచి జీవకణములను జంపుదురు. పైని జెప్పిన తిరస్కార మందు గలుగదు. దానికి వచ్చు చిక్కు వేఱు: ఏండ్లు గడచినకొలది సున్నము పట్టి బిగియును. అందుచేతనే వైద్యుడు చెప్పిన గడువున బరీక్షకు బిలుచుకొని పోవలెను.