ఏడు నిమిషముల వెనుకబాటు

ఆట జరుగుచుండగా చూచుట యొకటి. జరిగిపోయిన పిదప చూచుట మఱియొకటి. మొదటిది వీక్షణము, రెండవది వార్తాశ్రవణము. పొరుగింటి కేకలవలన వికెట్టు పడినదని తెలిసికొనినవానికి, తన యింటి టెలివిజనులో బంతి యింకను బౌలరు చేతనే యుండినచో, వాడు చూచుచున్నది ఆటయా? ఆట నీడయా?

ఇది కల్పన గాదు. 2007వ సంవత్సరము జనవరి మాసమున వెస్టిండీసు జట్టు మన దేశమున కాడవచ్చినప్పుడు, ప్రసారహక్కులను గొనిన ప్రైవేటు సంస్థకును ప్రసారభారతికిని వివాదము పొడమినది. నాగపురమునందలి తొలి యాటను దూరదర్శనము ప్రత్యక్షముగా చూపజాలకపోయెను. పిమ్మట ఢిల్లీ హైకోర్టు ఏడు నిమిషముల యాలస్యముతో చూపుటకు అనుమతి నొసంగెను. చందా గట్టగలవానికి ఆట; గట్టలేనివానికి ఏడు నిమిషముల వెనుకటి యాట. ఒకే దేశమున, ఒకే జట్టునకు జయము గోరు ప్రజలకు రెండు కాలము లేర్పడినవి!

హక్కులు గొనినవారి వాదమును మేము త్రోసిపుచ్చుట లేదు. కోట్లు వెచ్చించి కొనిన దానిని ఊరక పంచుమనుట న్యాయమా యని వారడుగుదురు. ప్రశ్న సహేతుకమే. కాని ఆకాశతరంగములు ప్రజల సొత్తని సుప్రీముకోర్టు 1995లోనే తీర్పు చెప్పియున్నది. 1993 నాటి హీరోకప్పు పోటీల ప్రసారమును గూర్చిన తగవే ఆ తీర్పునకు మూలము. ఆ ధర్మాసనమున కూర్చున్న మువ్వురిలో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డిగారు మన తెలుగువారగుట మనకు స్మరణీయము.

2007లోనే పార్లమెంటు చట్టము చేసి ఈ చిక్కును కొంత విడదీసినది. జాతీయప్రాముఖ్యము గలవని ప్రభుత్వము ప్రకటించిన క్రీడల ప్రత్యక్షప్రసారమును, హక్కుదారులు తమ ప్రకటనలు లేకుండ, ఏకకాలమున ప్రసారభారతికి పంచియీయవలెను. టెలివిజను ప్రకటనల రాబడిలో నూటికి 75 పాళ్లకు తక్కువ గాకుండ హక్కుదారునకే చెందును. రేడియో రాబడిలో చెరిసగము. కావున కొనినవాడు దోపిడికి గురియైనాడనుటకు తావు లేదు.

అయినను చిక్కు పూర్తిగా వీడలేదు. ఇట్లు పంచుకొనిన ప్రసారమును ప్రసారభారతి తన స్వంత భూతలప్రసారములందును, ఫ్రీడిష్ నందును మాత్రమే చూపవలెను గాని, ప్రైవేటు కేబులువారి ద్వారా చూపరాదని సుప్రీముకోర్టు 2017లో తీర్పు చెప్పినది. చట్టమునందలి యక్షరములకు అర్థము చెప్పుట న్యాయస్థానముల పని. వారిని నిందింప నవసరము లేదు. అక్షరములను సవరించుట పార్లమెంటు పని. నెలనెల కేబులునకు సొమ్ము చెల్లించు సామాన్యగృహస్థుడు, తన టెలివిజనులో దూరదర్శనముండియు ఆట కనబడక విస్తుపోవుట ఏ ప్రజాప్రయోజనమునకు సాధనమగును?

క్రీడాకారుడు దేశము పేరు ధరించి మైదానమున దిగుచున్నాడు. ఆ పేరు ఏ యొక్క సంస్థయు గొనినది గాదు. ప్రసారమును వర్తకులు కొనవచ్చును, లాభమును పొందవచ్చును. కాని దేశము గెలిచిన క్షణమును కొందఱికి ముందును, కొందఱికి వెనుకను పంచిపెట్టు నధికారము వారికి లేదు. చట్టమున మిగిలియున్న యీ కొఱతను మన ప్రతినిధులు పార్లమెంటున నెత్తి చూపవలెను. సంతోషమునందు సమానత్వము చిన్న కోరిక గాదు.