దుమ్ము చాటు చుక్కలు

ఇంటర్ చదివే మా అమ్మాయి ఇంజనీరింగ్ వద్దు, ఫిజిక్స్ తీసుకుని ఖగోళశాస్త్రంలోకి వెళ్తానంటోంది. "చుక్కలు లెక్కపెడితే కూడొస్తుందా వదినా?" అంది మా ఆడపడుచు. ఆవిడ అడిగిందాంట్లో తప్పులేదు. నాకే జవాబు తెలీలేదు.

ఈ మధ్య బియాట్రిజ్ బార్బుయ్ అనే బ్రెజిల్ శాస్త్రజ్ఞురాలి గురించి చదివాను. పాలపుంత నడిబొడ్డున దుమ్ము తెరల వెనక దాగిన ముసలి చుక్కల గుంపుల మీద ఏళ్ళ తరబడి పరిశోధించారావిడ. మామూలు వెలుగు ఆ దుమ్ములో ఇంకిపోతుంది. పరారుణ కాంతి మాత్రం చాలావరకు దాటుకొస్తుంది. హెచ్‌పీ 1 అనే గుంపుని చిలీలోని జెమినీ సౌత్ టెలిస్కోపుతోనూ, హబుల్‌తోనూ చూసి, వయసు సుమారు 1280 కోట్ల ఏళ్ళని 2019లో తేల్చిన బృందంలో ఆవిడా ఉన్నారు. విశ్వం వయసే 1380 కోట్లాయె! ఆ చుక్కల్లో ఇనుము సూర్యుడిలో ఉన్నదాంట్లో దాదాపు పదోవంతే. (వీళ్ళ భాషలో ఆక్సిజన్ కూడా లోహమేనట, అదో చోద్యం!) ఇనుమైనా ఏదైనా ముందుతరం చుక్కలు తయారుచేసి, చచ్చిపోతూ వెదజల్లితేనే తర్వాతివాటికి అందేది. రక్తం తక్కువగా ఉందని డాక్టరమ్మ మనకి రాసిచ్చే మాత్రల్లోని ఇనుమూ అలా వచ్చిందే.

ఈ చదువు చాలా ఏళ్ళు పడుతుంది, ఉద్యోగాలూ తక్కువే. ఒప్పుకుంటాను. కానీ "పెళ్ళి ఆలస్యమవుతుంది" అన్న మాట అబ్బాయి విషయంలో ఎవరైనా ఎత్తేవాళ్ళా?

డిగ్రీకి దరఖాస్తు తెప్పించాను. వాళ్ళ నాన్నగారింకా సంతకం పెట్టలేదు.